బొమ్మ చూసి మురిసిపోకండి, అడుగు తిప్పి చూడండి

ఇంటి సామాను: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే వస్తువు గురించి ఉన్నాయి. జర్మనీ బీరు మగ్గు, మూతతో ఉంటుందే, స్టైన్ అంటారు, అది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. హనుమకొండలో ఏ గల్లీలో చూసినా ఒక ఇంటి పిల్ల గానీ పిల్లాడు గానీ జర్మనీలో ఎం.ఎస్. చదువుతున్నారు. అక్కడినుంచి వచ్చేవాళ్లు చాక్లెట్ల తర్వాత తెచ్చేది ఇదే. నేను వరంగల్ ఆర్.ఈ.సి.లో చదివి కోబ్లెంజ్ దగ్గర ఉద్యోగం చేసినవాణ్ని. ఈ మగ్గులు చేసే కుమ్మరి ఊళ్లు అక్కడికి పక్కనే. అందుకని ఈ నెల కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఓర్చుకోండి. కుక్కర్ గాస్కెట్ గురించి అడిగిన జగిత్యాల అమ్మగారికి వచ్చే నెల జవాబిస్తాను.

ప్రశ్న: మా అబ్బాయి మ్యూనిక్‌లో చదువుతున్నాడు. డిసెంబర్ సెలవులకు ఇంటికి వస్తున్నాడు. ఏం తేవాలి నాన్నా అంటే బీర్ స్టైన్ తెమ్మన్నాను. వాడు వాట్సాప్‌లో ఒక బండెడు ఫొటోలు పంపాడు. కోటలు, జింకలు, డేగలు, వేటగాళ్లు, అన్ని రంగులూ ఉన్నాయి. ఏది అసలైనదో, ఏది టూరిస్టుల కోసం చేసిందో తెలియడం లేదు. నాకు ఆదివారం సాయంత్రం ఒక సీసా తాగే అలవాటుంది. షోకేసులో పెట్టడానికి కాదు, వాడాలనుంది. వంద యూరోల లోపు అయితే బాగుంటుంది.
– సింగరేణి విశ్రాంత ఉద్యోగి, గోదావరిఖని

జవాబు: మీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన మాట 'వాడాలనుంది' అన్నది. షోకేసు కోసమైతే ఏ జింక బొమ్మైనా సరిపోతుంది, మీ ఇష్టం. వాడటానికైతే ఆ ఫొటోల్లో చాలావాటిని ఇప్పుడే పక్కన పెట్టేయొచ్చు. ఫొటోలో కనిపించేది బొమ్మ. మగ్గు మంచిదో కాదో తెలిసేది మట్టిని బట్టి, అది కాలిన తీరును బట్టి, మూత కీలును బట్టి, అడుగున ఉన్న ముద్రను బట్టి. అబ్బాయిని ఆ నాలుగూ ఫొటోలు తీసి పంపమనండి.

ముందు మట్టి. స్టోన్‌వేరా, పింగాణీయా, మామూలు మట్టా అని దుకాణంలో అడగమనండి. మీకు కావలసింది స్టోన్‌వేర్. మన ఇళ్లలో ఆవకాయ పెట్టే జాడీ ఉంది చూశారూ, ఆ జాతి మట్టే. 1200 డిగ్రీలు దాటిన మంటలో కాలుతుంది. ఆ వేడికి లోపలి రేణువులు కొంత కరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అందుకే ఏడాది పొడుగునా ఉప్పూ నూనే నిలవున్నా జాడీ చెమర్చదు. తక్కువ వేడిలో కాల్చిన మట్టి సామాను సంగతి అలా కాదు. పైన పూత బాగున్నంత కాలమే అది బాగుంటుంది. పూతలో వెంట్రుకంత పగులు వచ్చిందా, బీరు లోపలికి ఇంకి వాసన పడుతుంది. ఎంత కడిగినా పోదు.

వెస్టర్‌వాల్డ్ అనే కొండ ప్రాంతం కోబ్లెంజ్‌కు ఆనుకుని ఉంటుంది. అక్కడ మంచి బంకమట్టి దొరుకుతుంది. 16వ శతాబ్దం చివర్లో జీగ్‌బుర్గ్, రేరెన్ ఊళ్లనుంచి కొన్ని కుమ్మరి కుటుంబాలు అక్కడికి వలస వచ్చాక ఈ పని బాగా పెరిగింది. రేరెన్ ఇప్పుడు బెల్జియంలో ఉంది. వాళ్లు పూత వేసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. బట్టీ పూర్తిగా వేడెక్కాక లోపలికి మామూలు ఉప్పు వేస్తారు. ఉప్పు ఆవిరవుతుంది, అందులోని సోడియం మట్టిలోని సిలికాతో కలిసి సామాను మీద గాజు పొరగా మారుతుంది. వేలితో తడిమితే బత్తాయి తొక్కలా సన్నటి గరుకు తగులుతుంది. ఆ గరుకు ఉంటే ఉప్పు పూత అని చాలావరకు నమ్మొచ్చు. ఆ మంటకు తట్టుకుని నిలిచే రంగులు తక్కువ. కోబాల్ట్ నీలం, మాంగనీస్ ఊదా, అంతే. అందుకే పాత వెస్టర్‌వాల్డ్ సామాను బూడిద రంగు మీద నీలం పూలతో కనిపిస్తుంది. మీ అబ్బాయి పంపిన ఫొటోల్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మెరిసిపోతున్నాయంటే అవి తర్వాత వేసి, తక్కువ వేడిలో మళ్లీ కాల్చినవి. తప్పేం లేదు. వారం వారం కడిగే మగ్గుకు మాత్రం నేను ఆ రంగులు ఎంచుకోను.

ఒక మాట. ఉప్పు బట్టీ పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అందుకని ఇప్పుడు ఆ పద్ధతిలో కాల్చేవాళ్లు తగ్గిపోయారు. బూడిద, నీలం రంగులో ఉన్న ప్రతి మగ్గూ ఉప్పు పూతది కాదు. అడిగి తెలుసుకోమనండి. కాకపోయినా స్టోన్‌వేర్ అయితే చాలు, పనికొస్తుంది.

ఇక కొలత. జర్మనీలో ఎక్కువగా అమ్మేవి అర లీటరువి, లీటరువి. మన దగ్గర పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. నురగతో కలిపి ఒకేసారి పట్టాలంటే లీటరుది కావాలి కదా అని మీకు అనిపిస్తుంది. నేను అర లీటరుదే తీసుకోమంటాను. లీటరు మగ్గు నిండితే బరువు రెండు కిలోలు దాటుతుంది. మ్యూనిక్ బీరు ఉత్సవంలో పాతికేళ్ల కుర్రాళ్లు ఎత్తుతారు, సరే. మీరు డాబా మీద కూర్చుని నింపాదిగా తాగేవారు. పైగా అడుగున ఉన్న బీరు దగ్గరికి వచ్చేసరికి మన ఎండకు అది కషాయమే. అర లీటరులో పోసుకుని, మిగిలింది సీసాలోనే ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

మందపు గోడ వల్ల బీరు చల్లగా ఉంటుందని అందరూ చెబుతారు. సగమే నిజం. మే నెలలో మీ వంటింట్లో మగ్గు 40 డిగ్రీల దగ్గర ఉంటుందనుకోండి. ఖాళీ మగ్గు 700 గ్రాములు, అందులో 5 డిగ్రీల బీరు అర లీటరు పోస్తే, మగ్గులో ఉన్న వేడికే బీరు దాదాపు 13 డిగ్రీలకు చేరుతుంది. గోడ మందం ఉపయోగపడేది ఆ తర్వాత. కాబట్టి పోసే ముందు పది నిమిషాలు మగ్గులో చల్లటి నీళ్లు నింపి ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. మూత లోహం ఒక రకంగా ముడుచుకుంటుంది, మట్టి ఇంకో రకంగా. చేతి పిడి చుట్టూ ఉన్న లోహపు పట్టీ దగ్గర పగులు వచ్చే ప్రమాదం ఉంది.

మూత విషయానికి వద్దాం. ప్లేగు రోజుల్లో ఈగలు పడకుండా మూతలు పెట్టమన్నారని అక్కడి గైడ్లు ఒక కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, గోదావరిఖనిలో డాబా మీద కూర్చునే మనిషికి మూత ఎందుకో నేను చెప్పక్కర్లేదు. బొగ్గు దుమ్ము చాలు. మూత చేసేది ప్యూటర్‌తో. అందులో అధిక భాగం తగరం, అంటే మన ఇత్తడి గిన్నెలకు కళాయి పోసే లోహమే. కొంచెం ఆంటిమొనీ, రాగి కలుపుతారు. కొత్త మూతల మీద లోపలివైపు 'జిన్ 95%' అనో 'రైన్ జిన్' అనో ముద్ర ఉంటుంది. జిన్ అంటే తగరం, తాగే జిన్ కాదు. ఆ ముద్ర చూడమనండి.

మూతను బొటనవేలితో నొక్కితే ఒక్క చేత్తో తెరుచుకోవాలి. తెరిచాక వెనక్కి వాలి అక్కడే ఆగాలి. ఆగకపోతే తాగేటప్పుడు వచ్చి ముక్కు మీద పడుతుంది. కీలు పక్కలకు ఊగకూడదు. రేకు కత్తిరించి వంచినట్టున్న పల్చటి మూత, వేలితో నొక్కితే లొత్తపడే మూత వద్దు. పిడిలో నాలుగు వేళ్లూ పట్టాలి. అబ్బాయి చేతికి కాదు, మీ చేతికి. మీ అరచేయి కొలత వాడికి పంపండి.

మగ్గు లోపల వేలు పెట్టి తిప్పమనండి. బయట బొమ్మ ఉబ్బెత్తుగా ఉన్నచోట లోపల గుంట తగిలితే, అది పల్చటి మట్టి నీళ్లు అచ్చులో పోసి తీసింది. లోపల నున్నగా ఉంటే గోడ మందంగా చేసిందని. నేను రెండోదాన్నే కొంటాను. చివరగా మూత ఎత్తిపట్టి, గోళ్లతో అంచు మీద చిన్నగా తట్టాలి. ఖంగుమంటే మంచిది. బొంగురుగా 'టప్' అంటే ఎక్కడో పగులుంది. మా అమ్మ జాడీ కొనేటప్పుడు చేసే పరీక్ష ఇదే, దానికి జర్మనీ వెళ్లక్కర్లేదు.

అడుగున ఏం ఉండాలి? వెస్టర్‌వాల్డ్‌లో హ్యోర్-గ్రెన్స్‌హౌజెన్ అనే ఊరు ఈ పనికి కేంద్రం. సిరామిక్ మ్యూజియం కూడా అక్కడే ఉంది. తేవాల్ట్, కింగ్ అనేవి అక్కడి కంపెనీల పేర్లు. తేవాల్ట్ 1893లో మొదలైంది. ఇలాంటి పేరు, దాంతోపాటు 'మేడ్ ఇన్ జర్మనీ' అని మట్టిలో గానీ పూత కింద గానీ ముద్ర ఉంటే నమ్మొచ్చు. కాగితం స్టిక్కర్‌కు విలువ లేదు, గోరుతో గీకితే వచ్చేస్తుంది. 'జర్మన్ స్టైల్', 'డిజైన్డ్ ఇన్ జర్మనీ' అని రాసి ఉంటే తిరిగి అరలో పెట్టేయమనండి. బయటి గోడ మీద పైభాగంలో ఒక చిన్న గీత, పక్కన '0,5 ఎల్' అని ఉంటుంది. బీరు ఆ గీత దాకా రావాలి, నురగ దానిపైన. ఆ గీత లేని మగ్గు చాలావరకు అలంకారానికి చేసిందే.

రైల్వే స్టేషన్ దగ్గరి సావనీర్ దుకాణాలు వద్దు. మ్యూనిక్‌లో ఔఎర్ డుల్ట్ అని ఏడాదికి మూడుసార్లు, మారియాహిల్ఫ్ చర్చి చుట్టూ సంత జరుగుతుంది. అక్టోబర్‌లో జరిగేది మూడోది. వంటింటి సామాను, మట్టి సామాను వరసలు వరసలుగా పెడతారు. మన మేడారం జాతర దుకాణాల్లో తిరిగిన కాళ్లకు అక్కడ అలసట ఉండదు. అబ్బాయి అక్కడికి వెళ్లి, చేత్తో పట్టుకుని, తట్టి చూసి కొనమనండి. వంద యూరోల లోపు జర్మనీలోనే చేసిన, ప్యూటర్ మూత ఉన్న అర లీటరు కొత్త మగ్గు దొరుకుతుంది.

మూత అక్కర్లేదనుకుంటే ఇంకా చవకలో ఒక దారి ఉంది. కెఫర్‌లోహర్ అని అడగమనండి. మ్యూనిక్ పక్కన కెఫర్‌లోహ్ అనే ఊళ్లో పూర్వం పెద్ద గుర్రాల సంత జరిగేది. ఆ ఊరి పేరే మగ్గుకు వచ్చింది. బూడిద రంగు, బొమ్మ లేదు, పూలు లేవు, వట్టి మగ్గు. మ్యూనిక్ ఉన్న బవేరియా ప్రాంతంలో బీరు తాగేవాళ్లు అసలు వాడింది ఇదే. నా దగ్గర ఉన్నది కూడా ఇదే. డాక్టరు బీరు మానేయమన్నాక ఎండాకాలం అందులో మజ్జిగ తాగుతున్నాను, మా ఆవిడకు అది మహా సంతోషం. స్టోన్‌వేర్‌కు పులుపు ఏమీ చేయదు.

తెచ్చేటప్పుడు చేతి సంచీలోనే పెట్టుకోమనండి, లగేజీలో వేయొద్దు. లోపల సాక్సులు కుక్కి, మూతకూ అంచుకూ మధ్య గుడ్డ మడిచిపెట్టి, మూత కదలకుండా తాడు చుట్టి, స్వెటర్‌లో చుట్టేస్తే చాలు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఒకాయన 1906 నాటి జర్మన్ సైనికుడి స్టైన్ అని 45,000 రూపాయలు అడుగుతున్నాడు. పింగాణీది, మూత మీద సైనికుడి బొమ్మ ఉంది. అడుగును వెలుతురుకు పట్టుకుంటే బట్టల్లేని అమ్మాయి బొమ్మ కనిపిస్తుంది. 'పాతదనడానికి అదే గుర్తు' అంటున్నాడు. పెట్టుబడిగా కొనమంటారా?
– యువ వ్యాపారి, నయీంనగర్, హనుమకొండ

జవాబు: వద్దు. ముందు అనుమానించవలసింది ఆ అమ్మాయినే.

అలాంటి మగ్గులు నిజంగానే ఉండేవి. జర్మనీలో నిర్బంధ సైనిక సేవ ముగించుకుని ఇంటికి వెళ్లే కుర్రాళ్లు జ్ఞాపకంగా వీటిని చేయించుకునేవారు. 1890ల నుంచి మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914 దాకా ఇది బాగా నడిచింది. మగ్గు మీద ఆ కుర్రాడి పేరు, రెజిమెంటు, కంపెనీ, ఊరు, సేవ చేసిన సంవత్సరాలు, తోటివాళ్ల పేర్ల జాబితా ఉంటాయి. అడుగున పింగాణీని పల్చగా, మందంగా చెక్కి, వెలుతురుకు పెడితే నీడల్లో బొమ్మ కనిపించేలా చేస్తారు. దాన్ని లిథోఫేన్ అంటారు. అసలువాటిలో ఎక్కువగా ఉండేది సైనికుడు ఇంటికి వీడ్కోలు చెప్పడం, ప్రేయసితో కూర్చోవడం లాంటి పద్ధతైన బొమ్మలు. ఇంట్లో అమ్మ ముందు పెట్టుకోవాల్సిన వస్తువు మరి. బట్టల్లేని అమ్మాయిలు వచ్చింది ప్రధానంగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత టూరిస్టుల కోసం చేసిన నకళ్లలో. మీ అమ్మకందారు ఏది గుర్తు అంటున్నాడో అదే నకిలీ గుర్తు.

ఇంకో లెక్క కూడా చూసుకోండి. 1893 తర్వాత పదాతి దళంలో సేవ రెండేళ్లు, అశ్విక దళంలో మూడేళ్లు. మగ్గు మీద పదాతి దళం పేరుండి '1902–1906' అని ఉంటే అక్కడే పట్టుబడిపోయింది. మూత మీద గుర్రం బొమ్మ, గోడ మీద పదాతి రెజిమెంటు పేరు ఉన్న వింతలు కూడా కనిపిస్తాయి. బొటనవేలితో నొక్కేచోట, అప్పటి జర్మనీలోని రాజ్యాల్లో బవేరియావాటికి సింహం, ప్రష్యావాటికి డేగ సాధారణం. పేరు, సంఖ్యలు చేత్తో రాసినట్టు కాకుండా అంతా ఒకే ప్రింటులో వచ్చిందా అని భూతద్దంతో చూడండి. మూత, మట్టి ఒకే వయసువిగా కనిపించాలి. వందేళ్లు దాటిన మూత మీద బొటనవేలు తగిలేచోట అరుగుదల లేకుండా ఎలా ఉంటుంది?

పాతదనాన్ని పట్టించే అక్షరాలు ఇంకొన్ని. అడుగున ఇంగ్లీషులో 'జర్మనీ' అని ఉంటే చాలావరకు 1891 తర్వాతిది. ఆ సంవత్సరం నుంచి అమెరికాకు వెళ్లే సరుకు మీద దేశం పేరు ఉండాలని అక్కడ చట్టం వచ్చింది. సైనికుడు తన ఊళ్లో చేయించుకున్న మగ్గు మీద ఇంగ్లీషులో దేశం పేరు ఎందుకుంటుంది, అదీ ఆలోచించండి. 'వెస్ట్ జర్మనీ' అని ఉంటే 1949, 1990 మధ్యది. 1906 సైనికుడికి వెస్ట్ జర్మనీ అంటే ఏమిటో తెలియదు.

పెట్టుబడి అంటారా, 45,000కి హనుమకొండలో పెట్టుబడులకు కొదవ లేదు. వస్తువు చేత్తో పట్టుకోకుండా, అడుగు చూడకుండా, ఫొటోల మీద పాత సామాను కొనకండి. అంతగా మనసు పడితే మూత, లోపలి భాగం, కీలు, అడుగు విడివిడిగా ఫొటోలు పంపమనండి. పంపడు చూడండి.

ప్రశ్న: మా మామగారు ఎప్పుడో జర్మనీ వెళ్లినప్పుడు పాత దుకాణంలో కొన్న స్టైన్ మా ఇంట్లో ఉంది. అడుగున కోట లాంటి గుర్తు, 'మెట్లాఖ్' అన్న పేరు, కొన్ని అంకెలు నొక్కి ఉన్నాయి. మా ఇంట్లో తాగేవాళ్లు లేరు. మూత నల్లగా ఉందని దసరాకు మా అత్తమ్మ చింతపండు, పీచు పెట్టి తోమేసింది. పాడైందా? పిల్లలకు పాలు పోసి ఇవ్వొచ్చా?
– గృహిణి, కరీంనగర్

జవాబు: ముందు పాల సంగతి. వద్దమ్మా. పాతకాలపు ప్యూటర్‌లో సీసం కలిపేవారు. కొత్త మగ్గులకు ఆ భయం లేదు గానీ, వయసు తెలియని పాత మూతల విషయంలో పిల్లలతో సాహసం చేయొద్దు. పెన్నులు పెట్టుకోండి, పూలు పెట్టుకోండి. నీళ్లు పోస్తే వారానికొకసారి మార్చండి.

అత్తమ్మను ఏమీ అనకండి. చింతపండు ఇత్తడికి, రాగికి. తగరానికి దాని అవసరం లేదు గానీ, తోమిన వెంటనే కడిగేసి ఉంటే దాని వల్ల పెద్ద నష్టం ఉండదు. నష్టం చేసేది పీచు. ప్యూటర్ మెత్తటి లోహం, ఇట్టే గీతలు పడుతుంది. పాత మూత మీది ముదురు బూడిద రంగు మురికి కాదు, వయసుతో వచ్చిన పొర. కొనేవాళ్లు దానికే విలువ ఇస్తారు. ఇకనుంచి గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల సబ్బు, మెత్తటి గుడ్డ, అంతే. కడిగాక మూత తెరిచిపెట్టి ఆరనివ్వండి. పీతాంబరి లాంటి పొడులు దగ్గరికి రానివ్వకండి.

ఇప్పుడు అసలు విషయం. మీ దగ్గర ఉన్నది ఈ నెల ఉత్తరాల్లో ప్రస్తావనకు వచ్చినవాటన్నిటిలో మంచిది కావచ్చు. మెట్లాఖ్ అనేది జర్మనీలో సార్‌లాండ్‌లోని ఊరు. అక్కడ పాత క్రైస్తవ మఠం భవనంలో విలరాయ్ అండ్ బోఖ్ కంపెనీ ఫ్యాక్టరీ నడిపింది. ఆ రెండు కుటుంబాల వ్యాపారాలు 1836లో కలిశాయి. 1880 నుంచి 1910 దాకా అక్కడ తయారైన స్టైన్లంటే సేకరించేవాళ్లు ప్రాణం పెడతారు. నొక్కి ఉన్న అంకెల్లో పెద్దది మగ్గు నమూనా సంఖ్య. విడిగా రెండంకెలు ఉంటే అది తయారైన సంవత్సరం కావచ్చు, '98' అంటే 1898. బొమ్మ మీద గోరు నెమ్మదిగా గీయండి. రంగుకూ రంగుకూ మధ్య నల్లగీత గోటికి తగిలితే అది వాళ్ల ప్రసిద్ధమైన చెక్కుడు పద్ధతి. తగలకుండా నున్నగా ఉంటే పూత కింద అచ్చు వేసిన రకం, దాని ధర తక్కువ. ఆ కంపెనీ తర్వాతి కాలంలో కూడా స్టైన్లు చేసింది కాబట్టి ముద్ర చూసి వెంటనే లెక్కలు వేసుకోకండి. ఎవరో ఇంటికి వచ్చి 'పాత మగ్గు కదా, వెయ్యి ఇస్తాను' అంటే మాత్రం మర్యాదగా చాయ్ ఇచ్చి పంపించండి.

ప్రశ్న: హనుమకొండలో మా రెస్టారెంట్‌కు ఆనుకుని బార్ ఉంది. ప్రత్యేకంగా ఉంటుందని మూత ఉన్న స్టైన్లు 40 తెప్పిద్దామనుకుంటున్నాను. మీ సలహా?
– రెస్టారెంట్ యజమాని, హనుమకొండ

జవాబు: 40 వద్దు, రెండు తెప్పించి కౌంటర్ వెనక అరలో పెట్టండి. గిరాకీకి గాజు మగ్గులే ఇవ్వండి.

కారణం మీకే తెలుసు. మట్టి మగ్గులో ఎంత పోశారో బల్ల దగ్గర కూర్చున్నవాడికి కనిపించదు. నురగ ఎక్కువ, బీరు తక్కువ అని గొడవ మొదలవుతుంది. మ్యూనిక్‌లోనూ ఇదే గొడవ. అక్కడి బీరు ఉత్సవం అక్టోబర్‌ఫెస్ట్ మొదలైంది 1810లో, యువరాజు లుడ్‌విగ్ పెళ్లి సందర్భంగా. పాత రోజుల్లో బూడిద రంగు మట్టి మగ్గుల్లో పోసేవారు, ఇప్పుడు గుడారాల్లో గాజువే. ఎంత పోశారో కంటికి కనిపిస్తుంది. అక్కడ అధికారికంగా ఏటా వచ్చే మట్టి మగ్గు ఒకటుంది, 1978 నుంచి వస్తోంది, ఆ ఏటి పోస్టర్ బొమ్మతో. దాన్ని ఇంటికి తీసుకెళ్లి దాచుకుంటారు. అదీగాక మూత ఉన్న మగ్గులు డిష్‌వాషర్‌లో వేయకూడదు. మీ దగ్గర రాత్రి పదకొండింటికి సింకు దగ్గర నిలబడే కుర్రాడు 40 మూతలు మెత్తటి గుడ్డతో తుడుస్తాడని మీరు నమ్మితే చెప్పండి.

మ్యూనిక్‌లో హోఫ్‌బ్రాయ్‌హౌస్ అని పాత బీరు హాలు ఉంది, 1589లో బీరు బట్టీగా మొదలైంది. అక్కడ రోజూ వచ్చే పాత ఖాతాదారుల సొంత మగ్గులు ఒక ఇనుప కటకటాల అరలో తాళం వేసి ఉంటాయి. వచ్చి తాళం తీసుకుని, తమ మగ్గు తామే కడుక్కుని, నింపించుకుంటారు. మీ దగ్గర ఏళ్లుగా వచ్చేవాళ్లు పదిమంది ఉంటే, వాళ్ల మగ్గులు వాళ్లనే తెచ్చుకోమని ఆ అర ఒకటి పెట్టండి. ఖర్చు తాళాలది మాత్రమే.

ప్రశ్న: మా తమ్ముడు తెచ్చిన స్టైన్ మూత కీలు పిన్ను ఊడింది. మా ఊరి పక్కనే పెంబర్తి ఉంది కదా, అక్కడి ఇత్తడి పనివాళ్లతో అతికించమంటారా?
– ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: పెంబర్తివాళ్ల చేతిలో పనితనానికి లోటు లేదు. భయం వాళ్ల మంటతోనే. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ప్యూటర్ కూడా ఆ దరిదాపుల్లోనే. ఇత్తడి అతికే మంట చూపిస్తే మీ మూత ముద్దవుతుంది, పక్కనున్న మట్టి పగిలినా పగులుతుంది. మంట అక్కర్లేకుండా కొత్త పిన్ను దూర్చి, రెండు కొసలు నెమ్మదిగా తట్టి బిగించమనండి. ఇది ఇత్తడి కాదు, తగరం అని ముందే చెప్పండి. కీలు రింగుల్లో ఒకటి విరిగి ఉంటే పిన్నుతో ఆగదు. అప్పుడు మూత తీసి పక్కన పెట్టుకుని మగ్గు వాడుకోండి. విరిగిన ముక్క మాత్రం పారేయకండి, మీ తమ్ముడు తిరిగి వెళ్లేటప్పుడు ఇచ్చి పంపితే అక్కడ ప్యూటర్ పనివాళ్లు అతికి ఇస్తారు.